మియాపూర్ మెట్రో స్టేషన్: ఊరి పేరు దిక్కు పేరైన వైనం

అధ్యయన సంగ్రహం:

హైదరాబాద్ నగరానికి వాయవ్యాన ఉన్న మియాపూర్ 2017 నవంబరు 28న మెట్రో రైలుకు మొదటి స్టేషన్ అయింది. నేల మీద కాక రహదారి పైన ఎత్తుగా నిలిచిన ఈ స్టేషన్ రవాణా వసతి మాత్రమే కాదు. ఒక ఊరి పేరు వాడుకను, అర్థాన్ని మార్చిన స్థలం కూడా. మియాపూర్ నుంచి ఎల్.బి. నగర్ వరకు ఉన్న 27 స్టేషన్ల పేర్లను పదనిర్మాణ దృష్టితో వర్గీకరించడం, 'మియాపూర్' అనే గ్రామనామం దిక్కును సూచించే మాటగా మారిన తీరును వివరించడం, మెట్రో వెంట వచ్చిన కొత్త మాటలు తెలుగులో కుదురుకుంటున్న పద్ధతిని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. పేరు పలకపై ఏ రూపం నిలుస్తుంది, ఏది జారిపోతుంది అన్న ప్రశ్న తెలుగు మాత్రమే చదవగలిగిన ప్రయాణికుడికి ఎందుకు ముఖ్యమో ఈ వ్యాసం చర్చిస్తుంది.

కీలకపదాలు: మియాపూర్, మెట్రో రైలు, గ్రామనామాలు, ఉత్తరపదం, అర్థవ్యాకోచం, ఆదానపదాలు, సంక్షిప్త నామాలు.

1. ఉపోద్ఘాతం:

తెలుగులో ఊర్ల పేర్ల మీద గట్టి పరిశోధన జరిగింది. కేతు విశ్వనాథరెడ్డి 'కడప ఊర్ల పేర్లు', యార్లగడ్డ బాలగంగాధరరావు నామవిజ్ఞాన రచనలు ఈ రంగానికి పునాది వేశాయి. ఊరి పేరును పూర్వపదం, ఉత్తరపదం అని విడదీసి, ఒక్కొక్క భాగం ఏ భాష నుంచి, ఏ కాలంలో, ఏ అవసరం కోసం వచ్చిందో వెదకడం ఈ పరిశోధనలోని ప్రధాన పద్ధతి. అయితే ఈ పద్ధతిని ఎక్కువగా పల్లెలకు, జిల్లాలకు వర్తింపజేశారు. మహానగరంలో ఒకే రోడ్డు వెంట వరుసగా నిలిచిన పేర్లకు కూడా దీన్ని వర్తింపజేయవచ్చు.

మెట్రో మార్గం అటువంటి వరుస. రోజూ వేలమంది ఈ పేర్లను చదువుతారు, వింటారు, పలుకుతారు. రైలులో ప్రతి పేరూ ప్రకటనగా వినిపిస్తుంది. మ్యాపులో చుక్కగా, పలక మీద పెద్ద అక్షరాలుగా కనిపిస్తుంది. ఒక ఊరి పేరు ఇంత తరచుగా, ఇంత స్థిరమైన రూపంలో జనం చెవిన పడటం గతంలో అరుదు. అందువల్ల ఏ రూపం పలక మీదికి ఎక్కిందో అదే క్రమంగా ప్రమాణమవుతుంది.

2. మార్గం: చారిత్రక నేపథ్యం

హైదరాబాద్ మెట్రో ప్రభుత్వ–ప్రైవేటు భాగస్వామ్యంలో నిర్మితమైంది. మొదటి టెండరు 2009లో రద్దయిన తరవాత, 2010 సెప్టెంబరు 4న ఎల్ అండ్ టి సంస్థతో ఒప్పందం కుదిరింది. ప్రభుత్వం తరఫున హైదరాబాద్ మెట్రో రైల్ లిమిటెడ్ పర్యవేక్షించింది. 2012లో పనులు మొదలయ్యాయి. నిర్మాణం సాగుతుండగానే 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రం ఏర్పడింది. 2017 నవంబరు 28న ప్రధానమంత్రి నరేంద్ర మోదీ మియాపూర్‌లో మెట్రోను ప్రారంభించి, అక్కడి నుంచి కూకట్‌పల్లి వరకు వెళ్ళి తిరిగి వచ్చారు. మరునాడు ప్రజలకు ప్రవేశం లభించింది. ఆనాడు తెరిచినది మియాపూర్–అమీర్‌పేట–నాగోల్ మధ్య 30 కిలోమీటర్లు, 24 స్టేషన్లు. 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట–ఎల్.బి. నగర్ భాగం కూడా తెరవడంతో మొదటి కారిడార్ 29 కిలోమీటర్లతో, 27 స్టేషన్లతో పూర్తయింది. 2020 ఫిబ్రవరి 7న జూబిలీ బస్ స్టేషన్–ఎం.జి.బి.ఎస్. మార్గం ప్రారంభమయ్యాక మూడు కారిడార్లూ కలిపి మొత్తం సుమారు 69 కిలోమీటర్లకు చేరింది.

మొదటి కారిడార్ నగరాన్ని వాయవ్యం నుంచి ఆగ్నేయానికి దాటుతుంది. దీని రెండు కొసలూ ఒకే జాతీయ రహదారి మీద ఉన్నాయి. పుణె నుంచి హైదరాబాద్, విజయవాడల మీదుగా మచిలీపట్నం వెళ్ళే 65వ నంబరు రహదారి మియాపూర్ వైపు నగరంలోకి వచ్చి, ఎల్.బి. నగర్ వైపు బయటికి పోతుంది. జనం నేటికీ మియాపూర్ వైపు భాగాన్ని బొంబాయి రోడ్డు అనీ, ఎల్.బి. నగర్ వైపు భాగాన్ని విజయవాడ రోడ్డు అనీ అంటారు. పాత బాటసారుల దారి మీదనే కొత్త రైలు దారి పడింది.

శేరిలింగంపల్లి మండలంలోని మియాపూర్ 2007లో గ్రేటర్ హైదరాబాద్ నగరపాలక సంస్థలో కలిసింది. అంతకుముందు ఇది నగరానికి బయటి ఊరు. ఇప్పుడు మెట్రో డిపో ఇక్కడే ఉంది. నిజాంపేట, బాచుపల్లి, చందానగర్, పటాన్‌చెరుల నుంచి వచ్చేవారు ఇక్కడ బస్సో ఆటోనో దిగి మెట్రో ఎక్కుతారు. కోస్తా, రాయలసీమ జిల్లాలకు పోయే ప్రైవేటు బస్సులు ఎక్కే చోటు కూడా ఇదే. సంక్రాంతి ముందు రాత్రులలో మియాపూర్ రోడ్డు పక్కన నిలబడితే తెలుగు మాండలికాలన్నీ ఒకేచోట వినవచ్చు.

ఐటీ కారిడార్‌తో ఈ స్టేషన్‌కు ఉన్న సంబంధం సూటిది కాదు. మియాపూర్ నుంచి హైటెక్ సిటీకి రోడ్డు మీద దగ్గరి దారి ఉంది. మెట్రోలో వెళ్ళాలంటే అమీర్‌పేట దాకా పోయి, అక్కడ రైలు మారి, మళ్ళీ పడమటికి తిరిగి రావాలి. అందువల్ల ఈ రెండు చోట్ల మధ్య బస్సులు, షేర్ ఆటోలు, ద్విచక్ర వాహనాలదే నేటికీ పైచేయి.

3. ఎత్తు మీది స్టేషన్: రెండు 'ఎక్కు'లు

మెట్రో స్టేషన్ మూడు అంతస్తులుగా ఉంటుంది. కింద రోడ్డు, దాని పైన టికెట్లు ఇచ్చే, తనిఖీ చేసే అంతస్తు, ఆ పైన ప్లాట్‌ఫారం. రోడ్డు నడిమి గట్టున నిలిపిన ఒకే వరుస స్తంభాలు ఈ బరువును మోస్తాయి. స్తంభం నుంచి రెండు పక్కలకూ రెక్కల్లా చాచిన దూలాల మీద స్టేషన్ నిలుస్తుంది. రోడ్డు వెడల్పును వీలైనంత తక్కువగా వాడుకోవడానికి ఈ పద్ధతిని ఎంచుకున్నారు. పట్టాల వంతెన భాగాలను వేరేచోట పోతపోసి, తెచ్చి, పైన ఒకదానికొకటి బిగించారు. రైలుకు పైనున్న తీగ నుంచి 25 కిలోవోల్టుల విద్యుత్తు అందుతుంది. పట్టాల మధ్య దూరం 1,435 మిల్లీమీటర్లు. భారతీయ రైల్వేల బ్రాడ్‌గేజి 1,676 మిల్లీమీటర్లు కనుక మెట్రో రైలు ఆ పట్టాల మీద నడవదు.

ఈ ఎత్తు భాషలోనూ కనిపిస్తుంది. తెలుగులో 'ఎక్కు' క్రియకు పైకి వెళ్ళడం, వాహనంలోకి ప్రవేశించడం అని రెండు అర్థాలున్నాయి. 'చెట్టెక్కాడు', 'బండెక్కాడు' అన్న ప్రయోగాలు ఇందుకు ఉదాహరణలు. నేల మీది రైలుకు రెండో అర్థం చాలు. మియాపూర్ స్టేషన్‌లో రెండూ అవసరం. ప్రయాణికుడు ముందు మెట్లు ఎక్కి, ఆపైన మెట్రో ఎక్కుతాడు. తిరుగు ప్రయాణంలో రైలు దిగి, మళ్ళీ మెట్లు దిగుతాడు. 'దిగాను, ఇంకా దిగలేదు' అని ఎవరైనా ఫోనులో చెబితే అందులో వైరుధ్యం లేదు. మొదటి 'దిగు' రైలుది, రెండోది స్టేషన్‌ది. లిఫ్టు, ఎస్కలేటర్ ఉన్నా 'ఎక్కు', 'దిగు' మాటలే కొనసాగుతున్నాయి.

స్తంభాలు మరో కొత్త వాడుకకు కారణమయ్యాయి. ప్రతి స్తంభానికీ సంఖ్య ఉంది. దుకాణాల బోర్డుల మీద, పెళ్ళి పత్రికల మీద చిరునామాకు బదులు 'మెట్రో పిల్లర్ నంబరు' వేయడం ఈ మార్గం పొడవునా సాధారణం. ఒకప్పుడు మర్రిచెట్టు, బొడ్రాయి, చావడి చేసిన పనిని ఇప్పుడు ఒక సంఖ్య చేస్తోంది. గుర్తుకు పేరు అక్కరలేదని తేలిన చోట పేరు నెమ్మదిగా పక్కకు జరుగుతుంది.

4. 'మియాపూర్': పదనిర్మాణం

'మియాపూర్' రెండు భాగాల పేరు. పూర్వపదం 'మియా' ఉర్దూలో గౌరవవాచకం. అక్కడ చివర అనునాసికం పలుకుతుంది. తెలుగువాడు ఆ అనునాసికాన్ని వదిలేశాడు. ఉత్తరపదం 'పూర్' సంస్కృత 'పుర' శబ్దానికి రూపాంతరం.

'పుర' శబ్దం తెలుగు నేలకు రెండు దారుల్లో వచ్చింది. సంస్కృతం నుంచి నేరుగా వచ్చినప్పుడు అది నపుంసక శబ్దంగా మువర్ణకాన్ని చేర్చుకుని 'పురము', 'పురం' అయింది. అనంతపురం, పిఠాపురం, హిందూపురం ఆ కోవలోవి. ఉత్తరాది భాషల మీదుగా, ఉర్దూ పాలనా వ్యవహారం మీదుగా వచ్చినప్పుడు తుది అచ్చును పోగొట్టుకుని 'పూర్' అయింది. మియాపూర్, మాధాపూర్, సిర్పూర్ ఈ కోవలోవి. తెలంగాణలో 'పూర్' ఎక్కువగా వినిపించడానికి నిజాం కాలపు రెవెన్యూ రికార్డుల భాష ఒక ముఖ్య కారణం. ఒకే మాట రెండు పాలనల నోట రెండు రూపాలు దాల్చింది.

తెలుగు స్వభావతః అజంత భాష. హలంతంగా వచ్చిన మాటకు చివర అచ్చు చేర్చుకోవడం దానికి అలవాటు. హైదరాబాద్‌ను 'హైదరాబాదు' అని రాసిన తరం ఇంకా ఉంది. 'నాగోలు' పలక మీద 'నాగోల్' అయింది. కానీ 'మియాపూరు' అనే రూపం రాతలో నిలవలేదు. విభక్తి చేరినప్పుడే ఈ పేరు తెలుగు వాక్యంలో ఒదుగుతుంది. అక్కడే మాండలిక భేదం బయటపడుతుంది. తెలంగాణ వ్యక్తి 'మియాపూర్ల దిగుత' అంటాడు. కోస్తా వ్యక్తి 'మియాపూర్లో దిగుతాను' అంటాడు. పలక మీది పేరు ఒకటే. ఎవరి తెలుగు ఏదో విభక్తి చెబుతుంది.

5. 27 స్టేషన్ల పేర్లు: వర్గీకరణ

మియాపూర్ నుంచి ఎల్.బి. నగర్ వరకు ఉన్న పేర్లను ఉత్తరపదాన్ని బట్టి ఇలా విభజించవచ్చు.

అ) తెలుగు ఉత్తరపదాలు (7): కూకట్‌పల్లి, నాంపల్లి, మూసాపేట, అమీర్‌పేట, మలక్‌పేట, ఎర్రగడ్డ, పంజాగుట్ట.

ఆ) సంస్కృత మూల ఉత్తరపదాలు (7): మియాపూర్, చైతన్యపురి, బాలానగర్, భరత్ నగర్, ఎస్.ఆర్. నగర్, దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి. నగర్.

ఇ) పారశీక–ఉర్దూ ఉత్తరపదాలు (4): ఖైరతాబాద్, లక్డీకాపూల్, ఇర్రం మంజిల్, మూసారాంబాగ్.

ఈ) సంస్థలు, కట్టడాలు, కాలనీలు (9): జె.ఎన్.టి.యు. కళాశాల, కె.పి.హెచ్.బి. కాలనీ, ఇ.ఎస్.ఐ. ఆసుపత్రి, అసెంబ్లీ, గాంధీభవన్, ఉస్మానియా వైద్య కళాశాల, ఎం.జి.బి.ఎస్., న్యూ మార్కెట్, విక్టోరియా మెమోరియల్.

5.1. మిశ్ర నామాలు: మొదటి వర్గంలో ఉత్తరపదం తెలుగే అయినా పూర్వపదం ఎక్కువగా అరబ్బీ–పారశీక మూలాలది. అమీర్, మలక్ అధికార సూచకాలు, మూసా వ్యక్తినామం. వాటి పక్కన 'పేట' నిలిచింది. 'పంజా' అంటే అరచేయి. దాని పక్కన 'గుట్ట' నిలిచింది. భిన్న భాషల పదాలు సమసించడాన్ని సంప్రదాయ వ్యాకరణం కొన్ని సందర్భాల్లో వైరి సమాసమని నిషేధించింది. ఊర్ల పేర్లకు ఆ నిషేధం పట్టలేదు. పైన పాలకుడి పేరు, కింద నేల పేరు కలిసి బతికాయి. రెండు భాగాలూ తెలుగేనని నిస్సందేహంగా చెప్పదగిన పేరు ఈ వరుసలో ఎర్రగడ్డ ఒక్కటే.

5.2. రెండు చెవులకు ఒక పేరు: ఇర్రం మంజిల్ కథ ఇక్కడ ప్రత్యేకంగా గుర్తుచేసుకోదగ్గది. నవాబ్ ఫక్రుల్ ముల్క్ ఎర్ర నేల గుట్ట మీద కట్టించిన భవనానికి ఆ పేరు పెట్టాడు. పారశీకం తెలిసినవారికి అది 'స్వర్గసౌధం'. చుట్టుపక్కల తెలుగువారికి అది 'ఎర్రం మంజిల్', అంటే ఎర్ర మేడ. రెండు వర్గాలకూ అందాలనే ఆ పేరు ఎంచుకున్నాడని చెబుతారు. ఈ కథ నిజమైనా, తరవాత అల్లినదైనా, ఒకే ధ్వనిని రెండు భాషలు రెండు అర్థాలతో వినగలవని అది తెలుపుతుంది.

మూసారాంబాగ్‌లో ఇదే జరిగింది. నిజాం సైన్యంలో పనిచేసి 1798లో మరణించిన ఫ్రెంచి సేనాని మిషెల్ రేమాఁ పేరు స్థానికుల నోట ముందు 'మూసా' అనీ, 'రామ్' అనీ మారిందన్న అభిప్రాయం బహుళ ప్రచారంలో ఉంది. పరదేశి పేరును తమకు తెలిసిన రెండు పేర్లుగా విడదీసి జనం అర్థం చేసుకున్నారు. పరాయి మాటకు తెలిసిన అర్థాన్ని అంటగట్టే ఈ ప్రక్రియను భాషాశాస్త్రంలో లోకనిరుక్తి అంటారు.

5.3. పోయిన వస్తువు, మిగిలిన పేరు: 'లక్డీకాపూల్' అంటే కర్ర వంతెన. 'కా' ఉర్దూ షష్ఠీ విభక్తి ప్రత్యయం. 'పుల్' తెలుగు నోట 'పూల్' అయింది. నేడు అక్కడ కర్ర వంతెన లేదు. కాంక్రీటు వంతెన మీద మెట్రో పోతోంది. వస్తువు నశించినా పేరు దాని జ్ఞాపకాన్ని మోస్తుంది.

5.4. కనబడని చెరువులు: 27 పేర్లలో గుట్ట ఉంది, గడ్డ ఉంది, బాగ్ ఉంది. చెరువు, కుంట మాత్రం ఒక్కటీ లేదు. మియాపూర్‌లోనే పటేల్ చెరువు, గురునాథం చెరువు ఉన్నాయి. వందల ఏళ్ళు చెరువుల మీద బతికిన నగరంలో ఈ లోటు ఆలోచింపజేస్తుంది. దీనికి కారణం లేకపోలేదు. మెట్రో పేర్లు రహదారి మీది బస్‌స్టాపు పేర్లను అనుసరించాయి. చెరువులు రహదారికి పక్కగా, లోపలగా ఉంటాయి. ఐటీ కారిడార్ వైపు మార్గంలో మాత్రం 'దుర్గం చెరువు', 'పెద్దమ్మ గుడి' స్టేషన్ల పేర్లయ్యాయి. స్టేషన్ పేరుగా నిలవడం వల్ల ఆ రెండు తెలుగు పేర్లూ అద్దాల మేడల నడుమ రోజూ వినిపిస్తున్నాయి.

6. ఊరి పేరు దిక్కు పేరు కావడం

మియాపూర్ మార్గానికి కొసన ఉండటం వల్ల ఒక విశేషం ఏర్పడింది. మధ్యలోని స్టేషన్ పేరు ఒక చోటును మాత్రమే సూచిస్తుంది. కొస స్టేషన్ పేరు చోటుతోపాటు దిశను కూడా సూచిస్తుంది. ఎల్.బి. నగర్ నుంచి బయలుదేరే ప్రతి రైలూ 'మియాపూర్' రైలే. చైతన్యపురిలో ఎక్కి పక్కనే ఉన్న దిల్‌సుఖ్‌నగర్‌లో దిగవలసిన మనిషి కూడా 'మియాపూర్ వైపు' అన్న ప్లాట్‌ఫారానికే వెళ్ళాలి. అతడు మియాపూర్ ఎన్నడూ చూడకపోవచ్చు. ఆ మాట తెలియకపోతే మాత్రం పక్క స్టేషన్‌కు చేరలేడు.

అర్థవిపరిణామ దృష్టితో ఇది అర్థవ్యాకోచం. వ్యక్తులకు, గ్రామానికి పరిమితమైన నామవాచకం దిక్కును సూచించే స్థాయికి విస్తరించింది. తూర్పు, పడమర అన్న మాటలు ఎత్తైన ప్లాట్‌ఫారం మీద పెద్దగా పనికిరావు. అక్కడ ఉన్న దిక్కులు రెండే: మియాపూర్, ఎల్.బి. నగర్. తెలంగాణ వ్యవహారంలో 'మియాపూర్ దిక్కు' అన్న పలుకుబడి ఈ మార్పును అచ్చంగా పట్టి చూపుతుంది. 'మియాపూర్ మెట్రో' అన్న పదబంధానికి కూడా రెండర్థాలు వచ్చాయి. ఒకటి మియాపూర్‌లోని స్టేషన్. రెండోది మియాపూర్‌కు పోయే రైలు. సందర్భమే అర్థాన్ని నిర్ణయిస్తుంది.

ఈ విస్తరణకు మరో పార్శ్వం ఉంది. కొస పేరు పెరిగేకొద్దీ దాని చుట్టూ ఉన్న పేర్లు తగ్గుతాయి. హఫీజ్‌పేట, మదీనాగూడ, దీప్తిశ్రీ నగర్ వాసులు దూరపు బంధువులకు చిరునామా చెప్పేటప్పుడు 'మియాపూర్ దగ్గర' అని మొదలుపెట్టడం తేలిక. పెద్ద పేరు చిన్న పేర్లకు గొడుగు పడుతుంది; గొడుగు కింద ఉన్నవి బయటికి కనిపించవు.

7. మెట్రో మాటలు: ఆదానం, స్వీకరణ

'మెట్రో' మాటకు మూలం 'నగరమాత' అనే అర్థమున్న గ్రీకు సమాసం. 1863లో లండన్‌లో మొదలైన భూగర్భ రైలు సంస్థ పేరులోనూ, 1900లో పారిస్‌లో మొదలైన రైలు పేరులోనూ ఉన్న మహానగర సూచక పదం పారిస్ జనం నోట కుదించుకుపోయి 'మెట్రో' అయింది. 1984లో కలకత్తా, 2002లో ఢిల్లీ మీదుగా అది భారతీయ భాషలన్నిటికీ పరిచయమైంది. గ్రీకు సమాసంలో 'పోలిస్' అంటే నగరం. తులనాత్మక భాషాశాస్త్రం ప్రకారం ఆ 'పోలిస్', సంస్కృత 'పుర' సజాతి పదాలు. 'మెట్రో' కుదింపులో నగరవాచకం పోయి తల్లి మాత్రమే మిగిలింది. 'మియాపూర్ మెట్రో' అన్నప్పుడు ఆ పోయిన నగరం 'పూర్' రూపంలో పక్కకు వచ్చి నిలబడటం యాదృచ్ఛికమే అయినా గమనించదగినది.

ఆదానపదాల స్వీకరణలో రెండు తరాలు కనిపిస్తాయి. మొదటి తరం మాటలు తెలుగు ఉచ్చారణకు పూర్తిగా లొంగాయి: రైలు, బస్సు, కారు, టికెట్టు, పల్లె నోట 'టేషను'. రెండో తరం మాటలు హలంతాలుగానే నిలుస్తున్నాయి: టోకెన్, కోచ్, స్మార్ట్ కార్డ్, ఎస్కలేటర్. మొదటి తరాన్ని చెవి తెచ్చింది. రెండో తరాన్ని పలక, తెర తెస్తున్నాయి. చెవి నుంచి వచ్చిన మాట మారుతుంది. చదివి నేర్చిన మాట ఉన్నదున్నట్టు ఉంటుంది. 'మెట్రో' మాత్రం అచ్చుతో ముగుస్తుంది కనుక ఆటో, రేడియో, ఫోటోల సరసన సులువుగా చేరింది. 'మెట్రోకి', 'మెట్రోలో', 'మెట్రోదాకా' అని విభక్తులను చేర్చుకుంటోంది.

ప్రారంభం నాడు విడుదలైన ప్రయాణికుల యాప్‌కు 'టి సవారి' అని పేరు పెట్టారు. 'సవారి' పారశీకం నుంచి ఉర్దూ మీదుగా వచ్చి తెలుగులో స్థిరపడిన మాట. గుర్రపు సవారి, ఎడ్లబండి సవారి అన్న ప్రయోగాలు పాతవి. కొత్త వస్తువుకు పాత మాటను ఎంచుకోవడం తెలిసినవాడికీ తెలియనివాడికీ మేలు చేస్తుంది. 'సైబరాబాద్' ఏర్పడిన తీరు కూడా ఇటువంటిదే. ఖైరతాబాద్‌లోని 'ఆబాద్' ఆధునిక పూర్వపదంతో కలిసింది. పాత ఉత్తరపదాలకు కొత్త పేర్లు పుట్టించే శక్తి ఇంకా ఉందని ఇవి చూపుతున్నాయి.

ఈ పదజాలాన్ని క్రమబద్ధంగా సేకరించవలసిన అవసరం ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తి పర్యవేక్షణలో వెలువడిన మాండలిక వృత్తిపదకోశం వ్యవసాయ పదాలతో మొదలై చేనేత, వాస్తు వంటి వృత్తులకు విస్తరించింది. డిపోలో పనిచేసేవారు, శుభ్రతా సిబ్బంది, స్టేషన్ బయట ఆటో నడిపేవారు వాడే మాటలు కూడా వృత్తిపదాలే. అవి నిఘంటువుకు ఎక్కకముందే మారిపోతున్నాయి.

8. పొట్టి అక్షరాలు: చదువరి సమస్య

27 పేర్లలో ఆరు పేర్లు ఇంగ్లీషు పొడి అక్షరాలతో ఏర్పడ్డాయి: జె.ఎన్.టి.యు. కళాశాల, కె.పి.హెచ్.బి. కాలనీ, ఇ.ఎస్.ఐ. ఆసుపత్రి, ఎస్.ఆర్. నగర్, ఎం.జి.బి.ఎస్., ఎల్.బి. నగర్. వీటిని తెలుగు లిపిలోనే రాసినా అవి తెలుగు అక్షరాలు కావు. ఇంగ్లీషు అక్షరాల పేర్లు. కూలికి వచ్చి, తెలుగు మాత్రమే చదవగలిగిన మనిషి 'కె.పి.హెచ్.బి.' అని చదవగలడు. అది ఏమిటో ఊహించలేడు. పాత బస్సు ప్రయాణికులకు అది 'హౌసింగ్ బోర్డు'. కూకట్‌పల్లి అన్న ఊరి పేరు ఆ మొదటి రెండు అక్షరాల్లో దాగి ఉందని తెలిసినవారు తక్కువ.

వ్యక్తుల పేర్లకూ ఇదే గతి పట్టింది. ఎస్.ఆర్. నగర్ అంటే సంజీవరెడ్డి నగర్. ఆంధ్రప్రదేశ్ తొలి ముఖ్యమంత్రి, తరవాత రాష్ట్రపతి అయిన నీలం సంజీవరెడ్డి పేరు రెండక్షరాలకు కుదిరింది. ఎల్.బి. నగర్‌లో లాల్ బహదూర్ శాస్త్రి, ఎం.జి.బి.ఎస్.లో మహాత్మాగాంధీ దాగారు. ఒకరిని స్మరించడానికి పెట్టిన పేరు ఆ వ్యక్తిని మరిపించే స్థితికి చేరింది. వ్యవహారంలో కుదింపు సహజం; దాన్ని ఎవరూ ఆపలేరు. కానీ పలక వ్యవహారం కాదు, ప్రకటన. పొట్టి పేరు కింద పూర్తి పేరును చిన్న అక్షరాలతో తెలుగులో రాయడానికి ఖర్చు స్వల్పం; చదువరికి అందేది ఎక్కువ.

9. రెండో దశ: పేరు భవితవ్యం

రాష్ట్ర ప్రభుత్వం 2024లో ఆమోదించిన మెట్రో రెండో దశ ప్రతిపాదనల్లో మియాపూర్–పటాన్‌చెరు మార్గం ఒకటి. దీని పొడవు 13.4 కిలోమీటర్లు. ఇది కార్యరూపం దాలిస్తే మియాపూర్ కొస స్టేషన్ కాదు, మధ్య స్టేషన్.

అప్పుడు దిక్కు పేరు ఏమవుతుంది? ఇందుకు ఐటీ కారిడార్ మార్గంలోనే ఒక పూర్వోదాహరణ ఉంది. 2019 మార్చి 20న ఆ మార్గం హైటెక్ సిటీ వరకు తెరుచుకుంది. కొన్ని నెలలు ఆ పేరే పడమటి కొస. అదే ఏడాది నవంబరు 29న రాయదుర్గం వరకు రైలు నడవడంతో హైటెక్ సిటీ మధ్య స్టేషన్‌గా మారి, దిక్కును సూచించే పని రాయదుర్గానికి దక్కింది. మియాపూర్‌కూ అదే జరగవచ్చు. దిల్‌సుఖ్‌నగర్ ప్రయాణికుడు అప్పుడు 'పటాన్‌చెరు వైపు' వెతుక్కుంటాడు. మియాపూర్ మళ్ళీ ఊరి పేరుగా మిగులుతుంది.

ఈ మార్పులో ఒక విశేషం ఉంది. 'పటాన్‌చెరు'లో ఉత్తరపదం తెలుగు 'చెరువు'. వాడుకలో దాని తుది అక్షరం లోపించింది. ఇంతవరకు ఈ మార్గంలో ఒక్క పేరుగానైనా నిలవని చెరువు, మార్గం పొడవునా వినిపించే దిక్కు పేరులో భాగమవుతుంది. పలక మీద 'పటాన్‌చెరు' అని రాస్తారా, 'పటాన్‌చెరువు' అని రాస్తారా అన్నది చిన్న ప్రశ్నగా కనిపించవచ్చు. కానీ 'పూర్', 'నాగోల్' విషయంలో జరిగినదాన్ని బట్టి చూస్తే, పలక మీద రాసిన రూపమే రాబోయే తరానికి అసలు రూపం. ఆ నిర్ణయం స్తంభాలు లేవకముందే జరగాలి.

10. ముగింపు:

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి.

1. మియాపూర్–ఎల్.బి. నగర్ మార్గంలోని 27 పేర్లలో తెలుగు ఉత్తరపదాలు 7, సంస్కృత మూలాలు 7, పారశీక–ఉర్దూ మూలాలు 4, సంస్థల, కట్టడాల, కాలనీల పేర్లు 9. నగరపు భాషా చరిత్ర పొరలు పొరలుగా ఈ వరుసలో కనిపిస్తుంది.

2. 'పురం', 'పూర్' ఒకే శబ్దం రెండు దారుల్లో తెలుగులోకి వచ్చిన ఫలితాలు. తెలంగాణలో హలంత రూపం స్థిరపడటానికి పాలనా భాష ఒక ముఖ్య కారణం.

3. మార్గానికి కొసన ఉండటం వల్ల 'మియాపూర్' ఊరి పేరు నుంచి దిక్కు పేరుగా అర్థవ్యాకోచం పొందింది. ఈ స్థితి మార్గం పొడిగింపుపై ఆధారపడి ఉంది కనుక తాత్కాలికం.

4. చెవి ద్వారా వచ్చిన ఆదానపదాలు అజంతాలుగా మారాయి. పలక ద్వారా వస్తున్నవి హలంతాలుగానే మిగులుతున్నాయి.

5. పొట్టి అక్షరాల పేర్లు తెలుగు చదువరికి శబ్దాన్ని ఇస్తున్నాయి గాని అర్థాన్ని ఇవ్వడం లేదు. పూర్తి రూపాన్ని పక్కన చేర్చడం ఆచరణ సాధ్యం.

6. పెద్ద స్టేషన్ పేరు కింద కనుమరుగవుతున్న చెరువుల, కుంటల, బస్తీల పేర్లను వృద్ధుల నుంచి సేకరించి నమోదు చేయవలసి ఉంది. రెండో దశ స్టేషన్లకు పేర్లు నిర్ణయించేటప్పుడు ఆ జాబితా ఉపయోగపడుతుంది.

మెట్రో మార్గం మీద పేరు పెట్టడమంటే ఒక తరం నాలుక మీద ఆ పేరును నాటడమే. మియాపూర్ ఏనాడూ ఇంత మంది నోట పలకలేదు. అదే అవకాశం గురునాథం చెరువుకూ, పటేల్ చెరువుకూ దక్కాలంటే ఆ పేర్లు ముందు కాగితం మీదికైనా రావాలి.